పాత ఏరు మోసిన బరువు

లత్తేరికి అవతల, పాలారు గట్టు మీద ఉండే చిన్నపొన్ను ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం పదివేల సంవత్సరాలను చేటలో పోసి, ఎండకు చూపించి, పావుగంటలో చంపేసింది.

సరే, పదివేలని ఒట్టేసి చెప్పలేం. కొన్ని వందలు అటో ఇటో ఉంటాయి. చంపేసిందన్న మాట కూడా కాస్త పెద్దదే, ఎందుకంటే ఆ సంవత్సరాలు బావి గోడలో ఇంకా చాలానే మిగిలి ఉన్నాయి. కానీ చేట నిజం, ఎండ నిజం, ఆ తరువాత ఆమెకు వచ్చిన కోపం ఆ రెండింటికన్నా నిజం. ఆ కోపానికి లత్తేరి స్టేషన్లో ప్యాసింజరు బండి రెండు నిమిషాలు కదలకుండా నిలబడిపోయిందట. దానికి వేరే కారణమేదైనా ఉంటే రైల్వే వాళ్ళే వచ్చి చెప్పాలి.

చిన్నపొన్నుకు అరవై ఎనిమిదేళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ కలిపి. చదవడం మాత్రం రెండిట్లోనూ రాదు. మొగుడు దొరైస్వామి వంశమంతా బావులు తవ్వినవాళ్ళే. ఆమె కాలంలోనే గుడియాత్తం నుంచి కనియంబాడి దాకా వాళ్ళు తవ్విన బావులు నలభై ఒకటి. మగవాళ్ళు లోపల గడ్డపారతో తవ్వుతారు. గిలక మీద తట్ట పైకి వస్తుంది. గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళు ఆ తట్టను నెత్తిన పెట్టుకుని దిబ్బ మీద పోసి వస్తారు. పద్దెనిమిదేళ్ళకు కాపురానికి వచ్చిన మర్నాడే చిన్నపొన్ను నెత్తిన చుట్టకుదురు పెట్టారు. మోకాళ్ళు ఒప్పుకోని రోజు వరకు అది దిగలేదు.

దొరైస్వామి వంశంలో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, ఆడది బావిలోకి దిగకూడదు. దిగితే ఆ నీళ్ళు ఎవరూ తాగరు. రెండోది, లోపల మట్టి రంగు మారినప్పుడల్లా తవ్వేవాడు "మారింది!" అని కేక వెయ్యాలి. ఆ కొత్త మట్టి మొదటి తట్టను పైనున్న ఆడది చేటలో పోసి సూర్యుడికి చూపించాలి. ఎన్నాళ్ళుగానో చీకట్లో పడి ఉన్న మట్టిని, పొద్దు మొహం చూపించకుండా పారేస్తే ఊటకు కోపం వస్తుందట. నలభై ఒక్క బావుల్లోనూ చేట పట్టింది చిన్నపొన్నే. ఏ రోజూ తప్పలేదు.

లోపల ఏముందో ఆమె కంటితో చూడలేదు. ఆమెకు తెలిసింది మెడతోనే. పైనుండే దున్నిన మట్టి తేలిక. దాని కింద సన్న ఇసుక, నడుస్తుంటే చెవి మీదుగా జారుతుంది. దాని కింద నల్ల బంక, అత్తగారి మాటలాగా తట్టకు అంటుకుని వదలదు. బంక దాటాక ముతక ఇసుక, కోడిగుడ్డంత గులకరాళ్ళతో. ఆ తట్టను ఇద్దరు కలిసి ఎత్తి నెత్తిన పెట్టాలి, మెడ ఎముకలు ఒకదానిలోకి ఒకటి దిగిపోయినట్టుంటుంది. కానీ నీళ్ళుండేది అక్కడే. దాని కింద సున్నపు గడ్డలు కలిసిన తెల్లని గట్టి నేల, ఎండిపోయిన రొట్టెలాగా. ఏటికి దగ్గరగా ఎక్కడ తవ్వినా ఇదే వరస.

వాళ్ళు చివరగా తవ్వుకున్నది ఇంటి వెనకున్న సొంత అరెకరంలో. పైన పదడుగులు మాత్రమే రాయి కట్టారు, మిగతాదంతా పచ్చి గోడ. కొళాయి రాని రోజున వీధిలోని ఇరవై రెండు ఇళ్ళూ ఆ నీళ్ళే తాగుతాయి. కొళాయి వచ్చే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ అరెకరం పక్కనే రంగరాజులు పొలం. ఆ పొలంలో ఇసుక తవ్వుకోవడానికి ముకేష్ అనే కాంట్రాక్టరు రాయించుకున్నాడు. పక్క పొలాల వాళ్ళకు అభ్యంతరం లేదని ఒక కాగితం కావాలి. ఆ కాగితమూ, నీలం సిరా అద్దే డబ్బా పట్టుకుని వచ్చి చిన్నపొన్ను ఎదుట కూర్చున్నాడు.

"ఏరు తెచ్చిన ఇసకే గదవ్వా. మేం తీసినామంటే మళ్ళీ ఏరే తెస్తాది. ఇరవై ఒకటిలో వరద చూడలేదా నువ్వు?"

"చూసినా. నా గడప దాకా వచ్చింది. ఏం తెచ్చింది? బురద తెచ్చింది. ప్లాస్టిక్ సీసాలు తెచ్చింది. ఎవుడిదో ఒంటి చెప్పు తెచ్చింది. కావాలంటే ఆ చెప్పు ఇస్తా, తీసుకుంటావా?"

"కోపం ఎందుకవ్వా..."

"కిందుండేది ఈ ఏటి ఇసక కాదురా. గుడ్డంత రాళ్ళుండాయి దాంట్లో. ఈ ఏటికి అంత బరువు మొయ్యను చాతకాదు. నేను మోసినదాన్ని, ఎవురు ఎంత మోస్తారో నాకు తెల్సు."

"ఏరు మొయ్యకపోతే ఇంకెవురు మోసినారు, మీ నాయనా?" అని నవ్వాడు ముకేష్.

తరువాత ఏం జరిగిందో రెండు రకాలుగా చెబుతారు. సిరా డబ్బా పాలారు మధ్యలో పడిందని కొందరు, ముకేష్ తెల్ల చొక్కా మీద పడిందని కొందరు. చొక్కా అన్నదే నమ్మదగ్గది, ఏటి నడిమి కాస్త దూరం.

మర్నాడు చిన్నపొన్ను దొరైస్వామిని వెంటబెట్టుకుని, ఇసుకకు అనుమతులిచ్చే గుడియాత్తం ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టుకుంది. బల్ల దగ్గర కూర్చున్నాయన అర్జీ చదివి, కళ్ళద్దాల మీదుగా చూసి, ఆ ఇసుక మళ్ళీ రాదనడానికి ఆధారం ఏముందని అరవంలో అడిగాడు.

"నా మెడ" అంది చిన్నపొన్ను.

ఆయన నవ్వాడు. పక్క బల్ల కూడా నవ్వింది. ఆమె బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, ఆ ఆఫీసునూ, దాన్ని కట్టినవాళ్ళనూ, దానికి వాడిన ఇసుకనూ రెండు భాషల్లో తిడుతుంటే, పటాల కోసం అదే ఆఫీసుకు వచ్చిన ఒక అమ్మాయి ఆగి వింది. పేరు శృతి. వేలూరులో చదువుకుంటూ, నదులు వదిలిపోయిన ఇసుక మీదా బురద మీదా పరిశోధన చేస్తోంది.

"అవ్వా, ఆ బరువు మాట ఇంకొకసారి చెప్పండి."

"నువ్వూ నవ్వేదానికా?"

"కాదవ్వా. నా పుస్తకాల్లో యాభై పేజీలు రాసి చెప్పేది మీరు ఒక్క మాటలో చెప్పినారు."

ఆ సాయంత్రమే శృతి బావి గట్టు మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది. ఏరు కూడా ఒక కూలీ లాంటిదే అంది. వాన ఎంత కూడు పెడితే అంత మోస్తుంది. ఇప్పటి వానకు పాలారు సన్న ఇసుకా బురదా మాత్రమే మోయగలదు. పదివేల ఏళ్ళ కిందట మాత్రం ఈ దేశం మీద వానలు ఇంతకన్నా చాలా గట్టిగా కురిసిన కాలం ఒకటుంది. గుడ్డంత రాళ్ళను దొర్లించుకుంటూ వచ్చింది ఆనాటి ఏరు. దానికీ ముందు లోకమంతా చలి. ఇక్కడ వానలు ముఖం చాటేసిన వేల ఏళ్ళు అవి. సున్నం కొట్టుకుపోవడానికి నీళ్ళు లేక నేలలోనే గడ్డకట్టింది. ఆ తెల్ల నేల అదే.

"అంటే నేను మోసింది కరువునా?"

"అవునవ్వా."

చిన్నపొన్ను మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? వేల ఏళ్ళ కరువును నా నెత్తిన పెట్టినావు. బరువుగా ఉండాదయ్యా అంటే, నడవమే అన్నావు."

దొరైస్వామి బీడీ వెలిగించుకున్నాడు. ఆయన జీవితంలో సగం మాటలు బీడీతోనే చెప్పాడు.

మెడ చెప్పింది ఆఫీసుకు అర్థం కావాలంటే అంకె కావాలి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉందనీ, అది చేసే చోటు చాలా దూరమనీ, కాలేజీలో తన పరిశోధన చూసే పెద్దావిడ బుధవారం పొద్దున అక్కడికి వెళుతోందనీ శృతి చెప్పింది. ఇప్పుడు పంపితే అర్జీ మీద విచారణ జరిగే ఆడి నెలకు, అంటే జూలై చివరకు, ఫలితం అందుతుంది. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాదికే.

మంగళవారం పొద్దున కనియంబాడి నుంచి మణికందన్ అనే కూలీ వచ్చి బావిలోకి దిగాడు. మూడు ఇనుప గొట్టాలను ముతక ఇసుకలోకి సుత్తితో దించి, నిండాక లాగి, నల్లగుడ్డ చుట్టి పైకి పంపాడు. వేరే పని ఉందని పదకొండుకే వెళ్ళిపోయాడు. మూతలకు అంటించే టేపు చాలక శృతి స్కూటీ ఎక్కింది. "నీడలో పెట్టండవ్వా, ఎవర్నీ ముట్టుకోనీకండి" అని కేకేసి లత్తేరికి వెళ్ళింది.

చిన్నపొన్ను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కాపలా కూర్చుంది. కూర్చున్నకొద్దీ ఆ నల్లగుడ్డ ఆమెను పొడవసాగింది. నలభై ఒక్క బావుల్లో ఏ మట్టికీ జరగని అన్యాయం ఈ మట్టికి జరుగుతోంది. పొద్దు మొహం చూడకుండా ఊరు దాటబోతోంది. చదువుకున్న పిల్ల, కట్టుబాటు తెలియదు, చెప్పేవాళ్ళు ఎవరున్నారు పాపం! ఆమె లేచి చేట తెచ్చింది. నల్లగుడ్డ విప్పింది. మూడు గొట్టాలూ ఒక్కొక్కటిగా గుల్ల చేసి, చేటలో పలచగా పరిచి, రెండు చేతులా పైకెత్తి సూర్యుడికి చూపించింది. "ఆలీసమైంది, తప్పుగా అనుకోవద్దు సామీ" అని చెప్పింది కూడా. ఒక్క రేణువు పోకుండా మళ్ళీ నింపి, మునుపటికన్నా గట్టి ముడి వేసింది.

శృతి టేపుతో వచ్చేసరికి ఆమె గర్వంగా చెప్పింది. "నువ్వు మరిచిపోయినావు అమ్మణ్ణీ. నేను చూపించేసినా."

శృతి స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు. అది పక్కకు పడిపోయింది.

"అవ్వా... ఎండ చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టను తీసిన ఇసక అది. ఇప్పుడు దీని వయసెంతో తెలుసా? పావుగంట!"

"అట్లయితే ముందే చెప్పాల గదా!"

"ముట్టుకోవద్దని చెప్పినాను గదా!"

"ఎవుర్నీ ముట్టుకోనీవద్దు అన్నావు. నన్ను ముట్టుకోవద్దని యాడ అన్నావు? అది నా బావి మట్టి!"

ఇద్దరూ అరుచుకుంటుంటే ఇంజను చప్పుడైంది. ముకేష్. పొలం కొలిపించడానికి వచ్చినవాడు గట్టు దగ్గర బండి ఆపి సంగతంతా విన్నాడు. విని, ట్యాంకు మీద చెయ్యి కొడుతూ నవ్వాడు.

"సూపర్ అవ్వా! నేను చెయ్యాల్సిన పని నువ్వే చేసి పెట్టినావు. ఇంక మీ సాక్షి ఎవురు, సూర్యుడా? ఆయన్ని ఆడి నెలలో గుడియాత్తం పిల్చుకొని రా. ఆ రోజు మబ్బు పట్టకుండా చూసుకో."

వాడు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. చిన్నపొన్ను ముఖం ఎర్రబడలేదు, నల్లబడింది. తప్పు తనదని తెలిసినప్పుడు వచ్చే కోపం అన్ని కోపాలకన్నా చెడ్డది. దాన్ని ఎవరి మీద పారబోయాలో తెలియదు.

"ఇంకా గొట్టాలుండాయా?"

"మూడుండాయి. కానీ మణికందన్ ఫోను ఎత్తడం లేదు. తాతకు మోకాలు వంగదు. నేను దిగుతాను."

"టౌను పిల్లవు, మోకు పట్టను రాదు. పడితే నీ అమ్మకు నేనేం చెప్పాల?" చిన్నపొన్ను చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి బిగించింది. "ఏమయ్యా, మోకు పట్టు."

దొరైస్వామి నోట్లో బీడీ కిందపడింది. "ఏమే... మా తాతల కాలం నుంచి..."

"మీ తాతలు మోసినారా ఈ మట్టిని? మోసింది మేము. తవ్వింది మీరు, మోసింది మేము, కట్టుబాటు మాత్రం మీదా? పట్టు మోకు. వీధి తలుపు వేసి రా అమ్మణ్ణీ, ఎవురూ చూడకూడదు."

గోడకు తవ్విన కాలిగుంటల్లో ఒక్కొక్క పాదమే పెట్టుకుంటూ, నడుముకు మోకుతో, అరవై ఎనిమిదేళ్ళ మనిషి దిగింది. పదడుగుల రాతికట్టు దాటాక గోడ తెరుచుకుంది. దున్నిన మట్టి, దాని కింద సన్న ఇసుక సన్న సన్న గీతల్లో, ఒక్కొక్క గీత ఒక్కొక్క వరద. నల్ల బంక, తడిసి మెరుస్తూ. అన్నీ ఆమె నెత్తిన కూర్చున్నవే. ఎవరు ఎవరో మెడకు తెలుసు, కంటికి మాత్రం ఇదే మొదటిసారి. బంక అడుగున, ఎండాకాలానికి నీళ్ళు దిగిపోయి బయటపడ్డ ముతక ఇసుక. గులకరాళ్ళన్నీ ఒకే వైపుకు వాలి, చాపల మీద వరసగా పడుకున్న పెళ్ళివారిలా ఉన్నాయి. ఆ వాలును బట్టి ఏరు ఎటు పారిందో తెలిసిపోతుంది. ఒక రాయి మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా, నునుపుగా ఉంది. బైబిల్లో ప్రళయాన్ని దాటిన నోవహు ఓడ కూడా ఆ ఏట్లో తిప్పలు పడి ఉండేది.

మోకు కదలకపోయేసరికి పైన ఇద్దరూ లోపలికి తొంగి చూశారు.

"ఏమయ్యా!" అని కేక వచ్చింది. "ఇంత అందంగా ఉంటాదని యాభై ఏండ్లలో ఒక్కనాడన్నా చెప్పినావా నాకు?"

"చెప్తే దిగేస్తావని చెప్పలే" అన్నాడు దొరైస్వామి.

ఆ మాటకు ఆమె ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడానికి వీలు కాదు. బావి దాన్ని మూడుసార్లు తిరిగి చెప్పింది. శృతి పైనుంచి చెప్పినట్టు పైపొరను జానెడు గీకి, గొట్టం పెట్టి, ఆమె సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ ముకేష్‌కు. రెండోది గుడియాత్తంలో నవ్విన బల్లకు. మూడోది పక్క బల్లకు. తరువాతవి తనకే. లాగి, నల్లగుడ్డ చుట్టి, పైన గుండ్రంగా కనిపిస్తున్న ఆకాశం వైపు చూసి అరిచింది: "ఈ ఒక్కసారికి చూడొద్దు! చూసినావంటే రేపట్నుంచి నీకు దండం పెట్టను!"

శృతి పైనుంచి ఒక ఫోటో తీసింది. కాగితంలో, నమూనా తీసినవారు అన్న చోట చిన్నపొన్ను అని రాసింది. గొట్టాలు బుధవారం వెళ్ళాయి.

ఆడి నెలలో విచారణ. గదిలో ఆఫీసరు, ముకేష్, శృతి, చిన్నపొన్ను, దొరైస్వామి. శృతి అంకె చదివింది: తొమ్మిదివేల ఎనిమిది వందల ఏళ్ళు, ఆరొందలు అటూ ఇటూ.

"ఆరొందల ఏళ్ళు అటూ ఇటూనా సార్!" అని ముకేష్ లేచాడు. "ఇదేం లెక్క?"

"నువ్వు పదివేల ఏండ్లు కాసుకొని ఉండప్పా" అంది చిన్నపొన్ను. "అటో ఆరొందలు, ఇటో ఆరొందలు. అట్లాంటి వాన మళ్ళీ వస్తే అట్లాంటి ఏరు వస్తాది. అప్పుడొచ్చి ఎత్తుకో. నేను ఏం అడ్డం చెప్పను."

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. ముకేష్‌కు మాత్రం ఇంకొకటి మిగిలి ఉంది. "సార్, ఆ గొట్టాలను ఈమె ఎండకు పోసింది. నా చెవులారా విన్నా. మణికందన్ పదకొండుకే పోయినాడు. ఈ ముసలాయనకు కాలు వంగదు. మరి రెండోసారి ఎవురు దిగినారు? చెప్పమనండి!"

చిన్నపొన్ను శృతి చేతిలోని ఫోటో చూసింది, దొరైస్వామిని చూసింది. దిగలేదంటే అంకె పోతుంది, ఇసుక పోతుంది, దాంతోపాటు ఊట పోతుంది. దిగానంటే ఇరవై రెండు ఇళ్ళూ ఆ నీళ్ళు ముట్టవు. తవ్వింది ఎందుకు, కాపాడేది ఎందుకు? ఆమె పళ్ళు కొరికిన శబ్దం బల్ల అవతలికి వినిపించింది.

"కాగితం ఇట్లివ్వు" అంది. "నమూనా తీసినవారు" అన్న చోట, తన పేరు పక్కన బొటనవేలు అద్దింది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా అద్దింది. ఆ పొలానికి అనుమతి రాలేదు. ముకేష్ ఏటికి అవతలి ఒడ్డున ఇంకొక పొలం చూసుకున్నాడని తరువాత తెలిసింది. అక్కడ బావి మట్టి మోసినవాళ్ళు ఎవరూ లేరు.

వాడు ఊరుకుంటాడా! విచారణ జరిగిన రోజు సాయంత్రానికల్లా వీధంతా చాటాడు. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు బావి గట్టు దగ్గర ఆగిపోయారు. ఎదురింటి సెల్లమ్మ ముందుకొచ్చి, "ఏమక్కా, నువ్వు లోపలికి దిగినావంట? ఫోటో కూడా ఉండాదంట?" అని అడిగింది.

చిన్నపొన్ను నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఎవుడు చెప్పినాడు? ముకేషా? వాని నోట్లో మన్ను పడ! నేను దిగేదేంది, నాకు మెట్టు దిగను చాతకాదు. ఫోటోలో ఉండేది ఈయన."

"చీర కట్టుకోనుండాడంట గదక్కా?"

"కట్టుకున్నాడు! లోపల చలి! ఏమయ్యా, కట్టుకోలేదా నువ్వు?"

దొరైస్వామి బీడీ తీసి, ఇరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళను ఒక్కసారి చూసి, కట్టుకున్నట్టు తల ఊపాడు.

"విన్నారు గదా. చేట లేదు, ఎండ లేదు, గొట్టాలు లేవు, ఏ పాపా ఇక్కడికి రాలేదు. పదివేల ఏండ్లు అంట! అన్నేండ్లు ఎవుడు లెక్కపెట్టినాడు? అంతా అబద్ధం. ఒక్క మాట కూడా జరగలే. బిందె ఇట్ల పెట్టు సెల్లమ్మా, పొద్దు పోతా ఉండాది."